దూదిలో చుట్టి తెచ్చిన కంప్యూటరు

మొన్న ఆదివారం మా అక్క మనవడు సోఫాలో కాళ్ళు చాపుకుని, ఫోనులో కంప్యూటరు విడిభాగాలు ఒక్కొక్కటే ఏరుకుంటూ, ఏది చవకో ఏది గట్టిదో తేల్చలేక నన్ను కూడా చూడమన్నాడు. సరిగ్గా చూసుకోరా నాయనా అని నేను కంగారుపడితే, నచ్చకపోతే వెనక్కి పంపించేయడమేగా చిన్నమ్మమ్మా అని తేలిగ్గా నవ్వేశాడు. వాడి తప్పేం లేదు. వెనక్కి పంపడమనే మాటే లేని రోజుల్లో నేనూ ఈ పనే చేశాను, ఆ నాలుగు రోజులూ అన్నం సయించక చచ్చాను, అందుకే నాకా భయం ఇంకా పోలేదు.

ఎనభైల చివరి మాట. గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమీద మా నాన్న టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేవారు. మీలో చాలామంది అలాంటి చోటే చెక్క స్టూలు మీద కూర్చుని, వేళ్ళు నొప్పెట్టేలా కొట్టి, లోయరు పరీక్ష ప్యాసై ఉద్యోగాల్లో చేరి ఉంటారు. పొన్నూరు నుంచీ నల్లపాడు నుంచీ పొద్దున్నే వచ్చే పిల్లలతో పది మిషన్లూ టకటకలాడుతుంటే, కింద కిళ్ళీకొట్టతను ఆ చప్పుడును బట్టే టైము చెప్పేవాడు. అలాంటిది నాలుగు వీధుల అవతల ఏసీ గదిలో కంప్యూటరు సెంటరొకటి వెలిసింది, ఏడాది తిరిగేసరికి మా బ్యాచీలు సగానికి పడిపోయాయి, మేడ అద్దె కట్టడమే గగనమైంది.

నేను డిగ్రీ అయ్యాక విజయవాడలో ఆరు నెలలు కంప్యూటరు కోర్సు చేసొచ్చాను. ఆ కాస్త చదువుతోనే, మనమూ ఒకటి పెడదామని నాన్న వెంటపడ్డాను. కంపెనీది కొనే తాహతు మనకెక్కడిది, విడిభాగాలు తెచ్చి బిగించుకుంటే సగం ఖరీదులో పోతుందని నచ్చజెప్పాను. వారం తిరిగాక నాన్న పది మిషన్లలో ఆరింటిని అమ్మేసి ఆ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టారు. వచ్చే సోమవారం నుంచి కంప్యూటరు క్లాసులని కాగితాలు పంచాం, పన్నెండుమంది చేరారు. ఆ సోమవారానికి కంప్యూటరు వెలగకపోతే ఇన్‌స్టిట్యూట్‌కి తాళమే, నాన్నకి వేరే బతుకుతెరువు లేదు.

మా బావ, అంటే అక్క భర్త, ఒంగోల్లో రేడియోలూ టీవీలూ బాగుచేసేవాడు. ఆయన్ని తోడు తీసుకుని మద్రాసు వెళ్ళాను. బయల్దేరేటప్పుడు నాన్న ఒకే ఒక్క కోరిక కోరారు, మిగతావి నీ ఇష్టం, కీబోర్డు మాత్రం మంచిది తీసుకోమ్మా, పిల్లల వేళ్ళు చెడిపోతాయి అని.

మౌంటు రోడ్డు పక్క సందుల్లో రెండు రోజులు తిరిగాం. మీ అక్క పెళ్ళి చీరలకి కూడా ఇన్ని కొట్లు ఎక్కలేదు మరదలుపిల్లా అని బావ మూలుగుతూనే ఉన్నాడు. హార్డ్ డిస్కు ఖరీదు వినగానే దణ్ణం పెట్టి, రెండు ఫ్లాపీ డ్రైవులతో సరిపెట్టుకున్నాం. మానిటరు ఆకుపచ్చ అక్షరాలది, అందులోనూ వాడినది. కీబోర్డు దగ్గర మాత్రం కళ్ళు మూసుకుని ఒక్కొక్క మీటా నొక్కి చూసి, ఆ కొట్లో అన్నిటికన్నా ప్రియమైనదే పట్టుకున్నాను. ఆ లోటు పూడ్చడానికి, తెరమీద బొమ్మ రప్పించే డిస్‌ప్లే కార్డు పాతది కొన్నాను. గుమ్మం దాటితే నాకు పూచీ లేదని కొట్టతను ముందే వచ్చీరాని తెలుగులో చెప్పేశాడు.

ఇక నా అతితెలివి వినండి. మా వైపు వాళ్ళకి సున్నితమైన వస్తువు ఏదైనా మందు ఒకటే, దూది. గాజు గ్లాసులైనా, గోడ గడియారమైనా, దూదిలో చుట్టామంటే ఇక ఢోకా లేదని మా గట్టి నమ్మకం. అందుకే బావ స్నేహితుడి జిన్నింగు మిల్లులోంచి రెండు తలగడ గలీబుల నిండా దూది నింపుకునే బయల్దేరాను. కొట్టువాళ్ళు మదర్‌బోర్డునీ కార్డులనీ మెరుస్తున్న పల్చటి కవర్లలో పెట్టిచ్చారు. ఉల్లిపొరలాంటి ఈ కవరు రైలు కుదుపులకేం ఆగుతుందని వాటిని తీసి అవతల పారేసి, అన్నిటినీ పసిబిడ్డల్లా దూదిలో పొదిగి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. కవరు ఉంటే నీకేం బరువని బావ అన్నాడు కూడా. నేను వింటేగా!

ఆదివారం పొద్దున నాన్న బల్లమీదే అన్నీ బిగించాం. స్విచ్చి వేశాం. ఫ్యాను తిరిగింది, తెర నల్లగా ఉండిపోయింది. లోపల్నించి ఒక పొడుగు కూత, వెంట రెండు పొట్టి కూతలు. తీశాం, పెట్టాం, మళ్ళీ వేశాం, మళ్ళీ అదే కూత. పదిసార్లు అయ్యేసరికి బావ చొక్కా తడిసిపోయింది, టీవీ అయితే ఏదో చేద్దును, ఇది నా వల్ల కాదని కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు, కోర్సులో మాస్టారు చెప్పిన మాట, బోర్డులకి ఆ కవరే రక్ష, అది తీసి ఎక్కడపడితే అక్కడ ముట్టుకుంటే మన ఒంట్లోని కరెంటుకే చచ్చిపోతాయని. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్న ముక్క అది.

నాన్న గుమ్మంలో నుంచుని చూస్తున్నారు. ఖాళీ అయిన ఆరు బల్లలూ ఆయన వెనకే ఉన్నాయి.

"నాన్నా, నేనే పాడుచేశాను. కవర్లు తీసి దూదిలో చుట్టాను" అన్నాను.

ఆయన కోప్పడతారనుకున్నాను, కోప్పడితే బాగుండుననీ అనుకున్నాను. కళ్ళజోడు పెట్టుకుని, టార్చి వెయ్యమని బావకి చెప్పి, డిస్‌ప్లే కార్డు ఊడదీసిన సందులోకి చాలాసేపు తొంగి చూశారు.

"దీన్నిండా నూగేనమ్మా. నూగు చేరితే ఏ మిషను పలుకుతుంది?"

లేచి వెళ్ళి, టైపు అచ్చుల్లో చేరిన సిరా మడ్డీ దుమ్మూ తోమే బ్రష్షు తెచ్చారు. బావ అదిరిపడి, మావయ్యగారూ, దాంతో గీకితే ఉన్నది కాస్తా పోతుందని అడ్డం పడ్డాడు.

"చచ్చినదాన్ని ఇంకేం చంపుతాం అల్లుడుగారూ" అన్నారు నాన్న.

గంటకు పైగా పట్టింది. ప్రతి సందులోనూ బ్రష్షు ఆడించి, మొండికేసిన పోగుల్ని సూదిమొనతో లాగి, కార్డు అంచులు రబ్బరుతో తుడిచారు. నేను మొక్కని దేవుడు లేడు. మళ్ళీ స్విచ్చి వేసినప్పుడు కూత ఒక్కటే వచ్చింది, తెరమీద ఆకుపచ్చ అంకెలు గబగబా పెరగడం మొదలెట్టాయి. నేను వెక్కివెక్కి ఏడ్చాను. నాన్న కీబోర్డు ముందు కూర్చుని, చూడకుండా ఒక వరస కొట్టారు. వరస చివర అలవాటుగా ఎడంచెయ్యి పైకి లేచింది, టైపు మిషను బండిని వెనక్కి నెట్టడానికి. అక్కడ నెట్టడానికేమీ లేదు. బావ నవ్వాడు, నేనూ నవ్వాను, నాన్న కూడా నవ్వేశారు.

సోమవారం క్లాసు జరిగింది. ఇన్‌స్టిట్యూట్ నిలబడింది. రెండేళ్ళలో కంప్యూటర్లు మూడయ్యాయి, మిగిలిన నాలుగు టైపు మిషన్లూ ఒకటొకటిగా వెళ్ళిపోయాయి. అమ్మమని నేనెప్పుడూ అనలేదు, ఆయనే అమ్మారు. క్లాసులన్నీ నేనే చెప్పేదాన్ని. నాన్న పొద్దున్నే వచ్చి తలుపులు తీసి, బల్లలు తుడిచి, సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుని వెళ్ళేవారు.

ఒక వానాకాలం ఇన్‌స్టిట్యూట్ పేరు బోర్డు వెలిసిపోతే పెయింటరుని పిలిపించాను. టైపు, కంప్యూటరు అని రెండూ రాయమని చెబుతుంటే నాన్న కుర్చీలోంచే అందుకున్నారు.

"టైపు తీసెయ్యమ్మా. అక్షరానికింతని తీసుకుంటాడు, దండగ."

ఇప్పుడు బోర్డులన్నీ ఫ్లెక్సీలే, ఎన్ని మాటలు వేయించినా ఖరీదు ఒకటే. ఆవేళ తీసేసింది రెండంటే రెండక్షరాలు. ఉండనీ నాన్నా అని ఒక్క మాట అని ఉండాల్సింది. అనలేదు. ఆయన చెప్పింది నిజమేననీ, దండగేననీ నాకూ అనిపించింది.