ఆదివారం మధ్యాహ్నం ఆట

మా అమ్మకు వారంలో ఒక్క పూటే తీరిక ఉండేది, ఆదివారం మధ్యాహ్నం. ఆ పూట ఆమె సినిమాకు వెళ్లేది. అది తప్పని సంగారెడ్డిలో మా క్రైస్తవ సంఘమంతా అనుకునేది. అమ్మ అనుకోలేదు. ఇన్నేళ్ల తర్వాత నేనూ అనుకోవడం లేదు.

యాభైల నాటి మాట. అమ్మ ఆసుపత్రిలో ఆయా, బాపు మిషన్ బడిలో పంతులు. ఆయన ఉద్యోగమూ, మేమున్న రెండు గదుల ఇల్లూ సంఘం ఇచ్చినవే. ఊరి చివర రేకుల షెడ్డులో సినిమా హాలు ఉండేది. లోపల ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య గుడ్డ కట్టి, దీపాలు ఆర్పాక దాన్ని పక్కకు లాగేవాళ్లు. ఆరాధన ముగిసి, అన్నాలు తినగానే అమ్మ నన్నూ అక్కనూ వెంటబెట్టుకుని బయలుదేరేది. దారిలో దర్జీ భార్య బురఖా సర్దుకుంటూ మాతో కలిసేది. ఆమెకు తెలుగు సినిమా సగమే అర్థమయ్యేది, మాకు హిందీ సినిమా సగమే. ఒకరికొకరం చెప్పుకుంటూ చూసేవాళ్లం.

అమ్మ నోరు మూసుకుని చూసే మనిషి కాదు. తెర మీద అత్త కోడలిని ఇంట్లోంచి గెంటేస్తుంటే, "పోకు! నిలవడి అడుగు!" అని అరిచేది. మగవాళ్లు నవ్వినా తగ్గేది కాదు. ఒక పౌరాణికంలో దేవుడు దిగి వచ్చే రథానికి కట్టిన తీగ కనిపించి అక్క కిసుక్కుమంటే, "తీగ కనవడితె కనవడనీ. ఎంత మంచిగ దిగుతున్నడో సూడు" అంది.

ఒక సినిమాకు మాత్రం వరుసగా నాలుగు ఆదివారాలు వెళ్లింది. అందులో ఒక తల్లి, జ్వరంతో పోయిన కొడుకు చొక్కాను మడత పెట్టి పెట్టెలో దాస్తుంది. ఆ చోట మాటా లేదు, పాటా లేదు. మొదటిసారి అది చూసినప్పుడు అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. నాకు భయమేసింది. అంతకు ముందు ఏడాది మా తమ్ముడు పోయాడు, రెండేళ్లవాడు. వాణ్ని మట్టి చేసిన రోజు కూడా అమ్మ కంట నీటి చుక్క రాలేదు. దర్జీ భార్య ఆమె వీపు మీద చెయ్యి వేసి, "రోలే బహెన్, జీ భర్‌కే రోలే" అంది. మనసు తీరా ఏడవమని.

నాలుగో ఆదివారం సంఘ పెద్ద మమ్మల్ని హాలు ముందు చూశాడు. సాయంత్రమే ఇంటికి వచ్చి, అమ్మతో మాట్లాడకుండా బాపుతో మాట్లాడాడు.

"పంతులూ, ప్రభువు దినాన నీ భార్య సినిమాల కూసుంటె, నువ్వు పిల్లలకేం నేర్పుతవ్? వచ్చే ఆదివారం గుళ్లె అందరి ముంగట లేచి తప్పైందని చెప్పాలె. లేకుంటె ప్రభువు బల్ల కాడికి రావద్దు."

బల్ల కాడికి రావద్దంటే రొట్టె, ద్రాక్షరసం ఇవ్వరన్నమాట. మా ఇళ్లల్లో అంతకు మించిన శిక్ష లేదు.

ఆయన వెళ్లాక బాపు గొంతు తగ్గించి అన్నాడు. "ఒక్క మాట అను. నౌకరి పోతె ఈ పిల్లలను తీసుకొని యాడికి పోతం?"

అమ్మ చాటలో బియ్యం ఏరుతూనే ఉంది. "ఆదివారం రానీ" అంది.

ఆ ఆదివారం గుడి నిండిపోయింది. ప్రసంగం అయ్యాక పాస్టరు అయ్యగారు అమ్మ వైపు చూశారు. అమ్మ తెల్ల చీర కొంగు తల మీదికి లాక్కుని లేచి నిలబడింది.

"అయ్యగారూ, నా కొడుకు పోయిననాడు మీరందరు నన్ను ఏడ్వద్దన్నరు. ప్రభువు తీసుకపోయిండు, ఏడిస్తె విశ్వాసం లేనట్టే అన్నరు. నేను ఏడ్వలే. ఏడాది దాక ఏడ్వలే. ఆ తెర ముంగట కూసొని ఏడ్చిన. గది తప్పంటె నేనొప్పుకోను. మల్లా పోత."

అయ్యగారు తల దించుకున్నారు. సంఘ పెద్దే లేచి, "అయితె నీకు బల్ల లేదు" అన్నాడు. అమ్మ చాప మీద కూర్చుంది.

అందరూ వరుసగా బల్ల దగ్గరికి వెళ్లారు. మగవాళ్ల వరుస బాపు దాకా వచ్చింది. పక్కనున్నాయన మోచేత్తో పొడిచాడు. బాపు లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని, నేల చూస్తూ అలాగే ఉండిపోయాడు. ఆయనను దాటుకుని వెనకవాళ్లు ముందుకు పోయారు. బతుకంతా ఎవరికీ ఎదురు చెప్పని మనిషి.

ఆ మధ్యాహ్నం బాపు మాతో సినిమాకు వచ్చాడు. అదే ఆయన చూసిన మొదటి సినిమా.

నెల తిరగక ముందే ఆయనను పటాన్‌చెరు అవతల ఒక పల్లెకు మార్చారు. చుట్టూ జొన్నచేలు, ఒకే గది బడి. అమ్మ ఆసుపత్రి పని వదిలి, ఆ పల్లెలో కాన్పులు చేసింది. కానీ నెలకో ఆదివారం మమ్మల్ని సంగారెడ్డి బస్సెక్కించేది. పొద్దున గుడిలో ముందు వరుసలో కూర్చునేది. బల్ల వేళకు లేవకుండా, తల వంచకుండా చూస్తూ ఉండేది. తర్వాత సినిమాకు.

రెండేళ్లకు కొత్త అయ్యగారు వచ్చారు. ఆయన అమ్మ ముందుకు వచ్చి, "రా అమ్మా" అన్నారు.

"తప్పైందని చెప్పాల్నా?" అని అడిగింది అమ్మ.

"నేనడుగుతలేను గద" అన్నారాయన.

సంఘ పెద్ద చూస్తుండగా అమ్మ, ఆమె వెనకే బాపు, రొట్టె తీసుకున్నారు. ఆ మధ్యాహ్నం చూసిన సినిమా ఏమీ బాగాలేదు. బస్సులో దారి పొడుగునా అమ్మ దాన్ని తిట్టిపోసింది. మళ్లీ నెల కూడా వెళ్లింది.