ఆకు మీద మైనం

మా ఊర్లో చెట్ల మందుకు కూడా పార్టీ ఉండేది. సింహాద్రిపురం దగ్గర పల్లె మాది. మా పార్టీవాళ్ళు పులివెందులలో మా పార్టీ పెద్దాయన చుట్టం అంగట్లోనే కొనాలి. ఎదుటి పార్టీవాళ్ళు ప్రొద్దుటూరులో తమవాడి అంగడికి పోయేవాళ్ళు. అంగడి మారితే పార్టీ మారినట్టే లెక్క. చీనీ చెట్లకు, అంటే బత్తాయి చెట్లకు, మాత్రం ఈ సంగతి తెలియదు.

మా చెట్లు ఐదేళ్ళవి, తొలి కాపుకు రావలసినవి. ఆ ఏడు చిగురు నిలిచిపోయి ఆకులు వెలిసిపోయాయి. పులివెందుల అంగట్లో ఇచ్చినవన్నీ కొట్టాం, ఏదీ పని చేయలేదు. చివరికి నాయన తల మీద తువ్వాలు కప్పుకొని ప్రొద్దుటూరు బస్సెక్కాడు. వెంట నేనూ పోయాను.

అంగడాయన మేము ఏ పార్టీవాళ్ళమో పసిగట్టి కూడా చిన్న సీసా తీసిచ్చాడు. పేరు ట్రైకాంటనాల్.

"ఇది విషం గాదు మామా. ఆకు మింద ఉండే మైనంలోదే, లూసర్న్ గడ్డిలో గూడా ఉంటాది. శానా కొంచెమే కలపల్ల, ఎక్కువైతే పని చేయదు" అన్నాడు.

"మా ఎనుము మేసే గడ్డిలోది సీసాకు పోసి మాకే అమ్ముతాండావా?" అని నాయన నవ్వాడు.

నెల తిరక్కముందే చిగురొచ్చింది. ఆకులు నూనె రాసినట్టు నిగనిగలాడాయి. పిందె పట్టింది. నాయన ఖాళీ సీసాను పారేయక మోటారు గది కిటికీలో పెట్టుకున్నాడు. ఆ మురిపెమే కొంప ముంచింది. నీళ్ళు తాగడానికొచ్చిన మా పార్టీ మనిషి సీసా మీద అంగడి ముద్ర చూశాడు.

నాయన జమ్మలమడుగు పెళ్ళికి పోయిన రోజు, పట్టపగలు తోటంతా నరికేశారు. అమ్మ కళ్ళారా చూసింది.

"మనోళ్ళే" అంది. మా ఇంట్లో సంగటి తిన్న చేతులే.

సాయంత్రం నాయన తిరిగి రాగానే పెద్దాయన వచ్చి ఆయన భుజం మీద చెయ్యేశాడు. "ఇది ఎదుటోళ్ళ పని. ఆ ప్రొద్దుటూరు అంగడోని మింద కేసు పెట్టు" అంటూ రాయించి తెచ్చిన కాగితం చేతికిచ్చాడు. నాయన అమ్మ వైపు చూసి, నా వైపు చూసి, సంతకం పెట్టాడు. ఆ సంతకాన్ని నేను ఈనాటికీ క్షమించలేదు. నోరు మెదపనివాళ్ళలో నేనూ ఉన్నాను.

మరునాడు మమ్మల్ని స్టేషనుకు పిలిచారు. అంగడాయన గోడకానుకొని నేల మీద కూర్చొని ఉన్నాడు. నాయనను చూసి ఒకటే అడిగాడు.

"చెట్లు పచ్చబడినాయా మామా?"

"పచ్చబడినాయప్పా" అన్నాడు నాయన, తల ఎత్తకుండా.