శాంతి పాఠం చెప్పిన చేత్తోనే

మొన్న నేను ఒకప్పుడు పనిచేసిన బడివాళ్లు ఫోన్ చేసి, శాంతి దినోత్సవానికి వచ్చి పిల్లలకు బహుమతులివ్వండి మేడమ్, అన్నేళ్లు నీతిపాఠాలు చెప్పినవారు మీకంటే ఎవరున్నారు అని బతిమాలితే, మోకాళ్ల నొప్పులతోనే, ఈ గల్ఫు దేశంలో నేనుండే హమద్ టౌన్ నుంచి టాక్సీ మాట్లాడుకుని వెళ్లాను. వేదిక మీద ఒక పిల్లవాడికి కాషాయం కట్టి, ఒకడికి తెల్ల టోపీ పెట్టి, ఒకమ్మాయి మెడలో అట్టముక్క సిలువ వేసి, ముగ్గురి చేతా ఒకే థర్మాకోల్ పావురాన్ని పట్టించారు. ఫొటో తీస్తున్నంతసేపూ ఆ ముగ్గురూ తోక నాదంటే నాదని కింద కాళ్లతో తన్నుకుంటూనే ఉన్నారు. వాళ్లదేం తప్పు, పిల్లలు. నా రోతంతా నా మీదే. మైకు చేతికివ్వగానే, మతాలన్నీ ఒకే సముద్రంలో కలిసే నదులర్రా అని పాత మాటలన్నీ ఏ తడబాటూ లేకుండా నా నోట్లోంచి ఊడిపడ్డాయి, చప్పట్లు కూడా కొట్టారు. ఛీ! ఇంటికొచ్చి వాళ్లిచ్చిన కేకు ముక్క నోట్లో పెట్టుకోబోయి చెత్తబుట్టలో పడేశాను.

పాతికేళ్ల కిందట మా ఆయనకి తుబ్లీలో ఒక వర్క్‌షాపులో ఉద్యోగం, నాకు ఈ బడిలో. గల్ఫులో పిల్లల్ని చదివించుకున్న నా వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, నీతిపాఠం గంట కొట్టగానే తరగతి రెండుగా చీలిపోయేది. ముస్లిం పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని ఇస్లాం పాఠానికి పై అంతస్తుకి వెళ్లేవారు, మిగిలినవాళ్లకు నేను మోరల్ సైన్స్ చెప్పేదాన్ని. అంటే, పరమతాన్ని గౌరవించాలర్రా అని నేను గొంతు చించుకుంటూ ఉంటే, ఆ పరమతం పిల్లలు ఒక్కరూ గదిలో ఉండేవారు కారన్నమాట! ఈ విడ్డూరం అప్పట్లో నాకు తట్టనే లేదు, పైగా బోర్డు మీద రంగు సుద్దలతో శాంతి గుర్తుగా ఆలివ్ కొమ్మ వేసి మురిసిపోయేదాన్ని.

మా కాంపౌండు పిల్లల్ని బడికి తీసుకెళ్లే వ్యాను నడిపే ఆయన నిజామాబాద్ వైపు ముస్లిం, అందరం డ్రైవర్ భాయ్ అనేవాళ్లం. ఆయన కూతురు నా తరగతిలోనే చదివేది. ఆ వ్యాను డ్యూటీ ఉంటేనే ఆయన భార్యాబిడ్డల్ని ఇక్కడ ఉంచుకోగలడు, అది పోతే వాళ్లను ఊరికి పంపేయవలసిందే, ఈ సంగతి మా కాంపౌండులో అందరికీ తెలుసు. ఒకసారి దుమ్ముగాలి లేచిన రోజు, కర్జకాన్ దాటాక మా అమ్మాయి వ్యానులో వాంతి చేసుకుంటే, తను తాగే నీళ్లతో దాని మూతి కడిగి, గౌను తుడిచి, మూడంతస్తులు ఎత్తుకొచ్చి నా చేతిలో పెట్టాడు. కూర్చోమంటే, బండిల పోరగాళ్లున్నరమ్మా అని పరుగున దిగిపోయాడు. చూడు, మంచితనం అంటే ఇదీ అని నేను మా అమ్మాయికి ఒక పాఠం చెప్పాను. పాఠం చెప్పనిదే నాకు పొద్దుపోయేది కాదు లెండి.

ఆ ఏడు మన దేశంలో ఎక్కడో ఒక ఊళ్లో మతం పేరుతో కొట్టుకున్నారు. ఇక్కడ మా ఎదురింటి వదినగారు, అంటే దేశం కాని దేశంలో కలుపుకున్న వరసే అనుకోండి, ఆడపిల్లలున్నవాళ్లం, వాళ్ల బండిలో మనకెందుకండీ అని మొదలుపెట్టింది. డ్రైవర్ భాయ్ మీద అంతవరకూ ఒక్క ఫిర్యాదు లేదు. అయినా వారం తిరక్కుండా, భద్రత దృష్ట్యా డ్రైవర్ని మార్చమని బడికి ఒక అర్జీ తయారైంది. మీరు టీచరు కదా, ఇంగ్లీషు ఒకసారి చూడండని నా దగ్గరికే తెచ్చారు. చూశాను, ఎర్ర సిరాతో నాలుగు తప్పులు దిద్దాను కూడా! అందరూ పెట్టేశారు, మీ సంతకమొక్కటే తక్కువ వదినా అని ఆవిడ కలం చేతికిచ్చింది. నలుగురితో నారాయణా అనుకున్నాను. పెట్టకపోతే పేరంటానికి పిలవరేమో, మా అమ్మాయితో వాళ్ల పిల్లల్ని ఆడుకోనివ్వరేమో, ఇంతకంటే పెద్ద భయమేదీ లేదు నాకు, చెప్పుకుంటే సిగ్గుచేటు. చెయ్యి వణికి సంతకం వంకరపోయింది. చెప్పేవి శ్రీరంగనీతులు అంటూ మా అమ్మ ఆ సామెతను సగంలో ఆపేసేది, మిగతా సగం నేను చేసి చూపించాను.

బడివాళ్లు ఆయన్ని ఆ నెలలోనే తీసేశారు. ఆయనకు వీసా ఇచ్చిన కఫీల్ కూడా ఖలాస్ అనేశాడట, ఇక ఇంటిల్లిపాదీ ఊరికి వెళ్లిపోవలసిందే. కూతురికి బడిలో చివరి రోజు, గంట కొట్టగానే ఆ పిల్ల ఎప్పటిలాగే పై అంతస్తుకి వెళ్లే వరసలో నిలబడి, వెళ్లొస్తాను టీచర్ అంది. ఆ రోజు నా పాఠం పొరుగువారిని ప్రేమించడం గురించి. ఎక్కడా ఆగకుండా చెప్పాను.

మధ్యాహ్నం గేటు దగ్గర డ్రైవర్ భాయ్ నాకోసమే నిలబడి ఉన్నాడు. మనిషి ముఖంలో కోపం లేదు.

“టీచరమ్మా, ఆ కాయితం ఆఫీసుల నాకు సూపెట్టిండ్రు. అందరియి అసలు దస్కతులే గని, మీది మాత్రం ఎవరో దొంగది పెట్టిండ్రు. బిడ్డ ప్రోగ్రెస్ కార్డు మీద మీ దస్కతు ఎన్నిసార్లు సూడలే నేను! అది గిట్ల వంకర ఉండదు. మా టీచరమ్మను బద్నాం చెయ్యకుండ్రి అని ఆడనే చెప్పొచ్చిన. మీకు ఎరుకుండాలె గదా అని చెప్తున్న. పైలంగ ఉండుండ్రి.”

కాదు భాయ్, ఆ సంతకం నాదే అనడానికి ఎంతసేపు పడుతుంది! అనలేదు. అంతటితో ఆగినా బాగుండేది, ఆయన చెప్పింది నిజమే అన్నట్టు తల కూడా ఊపాను. ఆయన కూతురి సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయాడు. ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అదే తరగతిలో అదే నీతి చెప్పి జీతం తీసుకున్నాను, ఉత్తమ ఉపాధ్యాయురాలని శాలువా కూడా కప్పారు.

ఇప్పుడు అర్జీలు లేవు, కలాలు లేవు. ఈమధ్యే మా బిల్డింగువాళ్ల ఫోన్ గ్రూపులో ఎవరో వాచ్‌మన్ గురించి, అతని మతం గురించి, ఇలాంటి మాటే ఒకటి రాస్తే, కాఫీ తాగుతూ తాగుతూనే ఇరవై మంది బొటనవేళ్లు ఎత్తేశారు, ఒక్కొక్క వేలి పక్కనా పేరూ ఫొటో. ఎవరి చెయ్యీ వణికినట్టు లేదు. డ్రైవర్ భాయ్‌కి ఆనాడు నన్ను మంచిదాన్నని నమ్మడానికి ఒక వంకర సంతకమైనా దొరికింది, ఈ వాచ్‌మన్‌కి ఆపాటి భ్రమ కూడా మిగల్చలేదు. వేళ్లెత్తినవాళ్లలో నేను లేను. తప్పని రాసినవాళ్లలోనూ లేను.