అన్నిళ్ళ బియ్యం, ఒక్క పులావు

ఒక్క గిన్నె పులావుతో సంఘం మొత్తాన్ని హడలగొట్టిన ఆడమనిషి భిలాయిలో నేను తప్ప ఇంకెవరైనా ఉంటే చూపించండి, ఈ కథ ఇక్కడే ఆపేస్తాను. చూపించలేరు గనక వినండి.

మా క్యాంప్ 1 తెలుగు క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ళం అన్నం వండే ప్రతిసారీ ముందుగా ఒక గుప్పెడు బియ్యం తీసి, సెమినరీలో పాస్టరు చదువు చదివే పిల్లల కోసం ప్రార్థన చేసి, వేరే డబ్బాలో వేస్తాం. నెలాఖరు ఆదివారం అదంతా గుడికి తెస్తే ఇడ్లీ బండి ఆయన కొనుక్కుపోతాడు. రుబ్బుకునేవాడికి ఏ బియ్యమైతేనేం! ఆ డబ్బు సెమినరీ చదువులకు వెళ్తుంది.

నేను పులావు వండిన ఆ ఏడు మొదటిసారి ఒక ఆడపిల్ల, మా పక్కింటి ఎస్తేరు, సెమినరీకి వెళ్తానంది. సీటూ వచ్చింది. సంఘ పెద్ద దానియేలు మావయ్య మాత్రం సంఘం డబ్బివ్వడానికి ససేమిరా అన్నాడు.

"ఆడపిల్లకి సెమినరీ ఏటమ్మా? అంత పట్టుదలుంటే మీరే పంపండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అప్పటికి నాకు వంట అంతంతమాత్రం, నోరు మాత్రం బ్రహ్మాండం. బియ్యం అమ్మితే ఏమొస్తుంది, పులావు చేసి ఆరాధన అయ్యాక ప్లేట్ల లెక్కన అమ్ముదాం అన్నాను. అన్నిళ్ళ బియ్యం కలిసున్నాయి, వద్దే అని మా అత్త గొణిగింది. నేను వింటేనా?

అక్కడే కొంప మునిగింది. ఒకరింటి ఉప్పుడు బియ్యం, ఒకరి రేషన్ బియ్యం, దుర్గ్ బజారు కొత్త బియ్యం, ఏ మహాతల్లిదో బాస్మతి, అన్నీ ఒకే గిన్నెలో పడ్డాయి. కొత్త బియ్యం జావైపోయాయి. ఉప్పుడు బియ్యం ఇంకా నిద్రే లేవలేదు. మంట పెంచితే అడుగు మాడింది.

ఆరాధన ముగిసింది. మొదటి ప్లేటు మావయ్యకే ఇచ్చాను. ఆయన పంటి కింద గింజ పటుక్కుమన్న చప్పుడు నాక్కూడా వినబడింది.

"ఇదేటమ్మా?" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. పక్కన ఎస్తేరు కళ్ళనిండా నీళ్ళు. ఆ పిల్ల చదువంతా ఆ గిన్నెలోనే ఉంది మరి. దాంతో నా సిగ్గు ఎటుపోయిందో పోయింది. గరిటె పట్టుకుని గుడి మెట్టెక్కాను.

"ఇది ఎస్తేరు సదువు, మావయ్యా. తింటే ప్లేటు రేటు ఇయ్యండి. తిన్లేకపోతే రెండింతలిచ్చి ఎల్లిపోండి. ఊరికే మాత్రం ఎవల్నీ ఒగ్గను."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత గుడంతా నవ్వింది. చూస్తుండగానే తినకుండా పోయేవాళ్ళ వరస తినేవాళ్ళ వరసను మించిపోయింది. ఒకాయనైతే వైశాలి నగర్ నుంచి వచ్చిన చుట్టాల తరఫున కూడా కట్టి వాళ్ళ ప్రాణాలు కాపాడుకున్నాడు. దానియేలు మావయ్య రెండింతలూ ఇచ్చాడు, ప్లేటు అక్కడే పెట్టి ఇంటికీ వెళ్ళాడు.

ఆ డబ్బుతోనే సెమినరీ గడప తొక్కిన ఎస్తేరు ఇప్పుడు పాస్టరు. పాస్టరు గారి భార్య కాదు, తనే పాస్టరు. మొన్న ఇంకో పిల్ల సెమినరీకి వెళ్తానంది. మీటింగులో నేను లేచి కొంగు బొడ్లో దోపుకున్నానో లేదో, దానియేలు మావయ్య గబుక్కున చెయ్యెత్తాడు.

"సంఘమే పంపుతాది. నువ్వు మాత్రం పొయ్యెలిగించకు తల్లీ."

అందుచేత దేవుని ఎదుట, సర్వ సంఘం ఎదుట ప్రమాణం చేస్తున్నాను. అన్నిళ్ళ బియ్యం ఒక్క గిన్నెలో ఈ జన్మలో మళ్ళీ వండను, ఆడపిల్ల చదువుకు ఎవరూ అడ్డుపడనంత కాలం.