పాత డీజిలు కారు, చామంతి మాల

మొన్న శనివారం ఇంకా అయిదు కాకముందే, మా పక్కింట్లోకి కొత్తగా వచ్చిన హైదరాబాద్ ఇంజనీరుగారు పైజమా మీద కోటు తగిలించుకుని మా గేటు దగ్గర నిలబడ్డాడు. చలికాలంలో ఆ వేళకి సిడ్నీకి దూరంగా ఉన్న మా హారిసన్ పేటలో పచ్చికంతా ఉప్పు చల్లినట్టు ఉంటుంది. "అంకుల్, మీ కారు కింద టిక్ టిక్ అని ఏదో సౌండ్ వస్తోంది. ఇంజన్ ఆఫ్‌లో ఉంది, లోపల ఎవరూ లేరు. ఎవ్రీథింగ్ ఓకేనా?" అన్నాడు, అడుగు వెనక్కి వేస్తూ. బాంబు కాదు నాయనా, హీటరు అన్నాను. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "ఇంత ఓల్డ్ డీజిల్ ఇంకా ఎందుకంకుల్? ఈవీ తీసుకోండి. ఫోన్‌లో నొక్కితే చాలు, వేడెక్కిపోతుంది" అన్నాడు. ఏ ఫోనూ నొక్కకుండానే నాకు వేడెక్కింది. కానీ అప్పటికే మా ఆవిడ పూలబుట్టతో గుమ్మం దిగుతోంది. చెప్పాల్సిందంతా మింగేశాను. అది ఇక్కడ రాస్తున్నాను.

నేను కాలేజీ మొహం చూసినవాణ్ణి కాను. ఈ దేశానికి మా ఆవిడ చదువు వెనకాల వచ్చాను. ఆవిడ యూనివర్సిటీలో లెక్కలు చెప్పేది, నేను బస్సు డిపోలో ఇంజన్లు విప్పేవాణ్ణి. డీజిలుతో నా పరిచయం అంతకంటే పాతది. తెనాలి దగ్గర పొలాల్లో నీళ్ళు తోడే ఆయిలింజన్లకు హ్యాండిల్ తిప్పి తిప్పి నా కుడి భుజం ఎడమదానికంటే లావుగా తయారైంది. ఎవరూ నేర్పలేదు. చెడిపోయినదాన్ని విప్పి, మళ్ళీ బిగించి, మిగిలిపోయిన నట్టు ఎక్కడిదా అని తెల్లవార్లూ ఆలోచించి నేర్చుకున్నాను. అందుకే డీజిలుకు గుణం లేదని ఎవరన్నా నాకు కోపం వస్తుంది. అది తాగేదే తక్కువ. తక్కువ తాగేది వేడి మాత్రం ఎక్కడ పారబోస్తుంది? పెట్రోలు కారులో ఆ వృథా వేడే మన కాళ్ళ మీదికి వస్తుంది. నా పాత డీజిలు ఇంటి దగ్గర బయల్దేరితే జార్జి సరస్సు దాటేదాకా చల్లగాలే ఊదేది. పొదుపరి ఇంటికి చుట్టం వెళ్ళినట్టే.

నేనొక్కణ్ణయితే రెండు స్వెట్టర్లు వేసుకుని ఓర్చుకునేవాణ్ణి. సంగతి మా ఆవిడది. నెలకో శనివారం సిడ్నీ పక్కన హెలెన్స్‌బర్గ్ గుడికి రెండున్నర గంటల ప్రయాణం. స్వామికి ఆవిడ చేతి మాల పడాలి. వాళ్ళమ్మ పెట్టిన నియమం ఒకటుంది: రాత్రి కట్టిన మాల పాచి మాల, ఏ రోజుది ఆ రోజే కట్టాలి. తెల్లవారుజామున బయల్దేరేవాళ్ళకు కట్టే తీరిక ఎక్కడ? కాబట్టి కారులోనే కట్టేది. పూలబుట్ట కాళ్ళ దగ్గర, దారపు ఉండ ఒళ్ళో. లోపల లైటు వేస్తే నాకు రోడ్డు కనపడదని చీకట్లోనే చామంతి, మరువం, చామంతి, మరువం. నేను దారిలో గోల్బర్న్‌లో టీ తాగేసరికి రెండు మాలల్లో ఒకటి పూర్తయ్యేది. పదహారేళ్ళు అలా నడిచింది.

తర్వాత ఆవిడ వేళ్ళకు జబ్బు చేసింది. చలి తగిలితే చాలు, చివర్లు సుద్దముక్కల్లా తెల్లబడేవి, తర్వాత నీలం తిరిగేవి. డాక్టరైన మా అమ్మాయి దానికి పేరు చెప్పింది, మందు రాసింది, చివరికి అసలు మాట అంది. "వింటర్‌లో మానెయ్యండి నాన్నా. సిడ్నీలో గార్లండ్స్ ఆర్డర్ చేస్తే ఫ్రెష్‌గా గుడికే డెలివర్ చేస్తారు." చేతితొడుగులు వేసుకుంటే దారం తెలియదు, తీస్తే వేళ్ళు తెలియవు. ఇక్కడ చలికాలం జూన్‌లో వస్తుంది; అలాంటి ఒక జూన్ నెలలో జార్జి సరస్సు పొగమంచులో, ఆవిడ ఒళ్ళోంచి పూలు జారి కిందపడుతున్న చప్పుడు విన్నాను. పూలు పడితే చప్పుడేమిటి అనకండి, వినపడింది. "ఏవండీ, ఈ ఏటికి మానేద్దామా?" అంది. లెక్క తప్పని మనిషి నోట ఓటమి మాట వినడం నాకదే మొదటిసారి. మానేది లేదన్నాను.

మర్నాడే కారు పక్కన తిష్ఠ వేశాను. ఇక్కడి వర్క్‌షాపువాడు "డీజిల్ అంతే మేట్, జంపర్ వేసుకో" అని పంపించేశాడు. ముప్ఫయ్యేళ్ళు డీజిలు మసి పీల్చినవాడికి స్వెట్టరు వేసుకోమని సలహా! ముందు థర్మోస్టాట్ మార్చాను. పాతది తెరుచుకుని ఉండిపోయి, ఇంజను వేడెక్కకముందే నీళ్ళను రేడియేటర్‌కు పంపేస్తోంది. వేడి రావడంలో అయిదు కిలోమీటర్లు లాభించాయి. రేడియేటర్ ముందు అట్టముక్క కట్టాను, ఇంకో రెండు. ఎత్తెక్కేటప్పుడు ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పాకితే రోడ్డు పక్కన ఆపి పీకి పారేశాను. లైటర్ సాకెట్‌లో గుచ్చే బుల్లి ఫ్యాను కొన్నాను, అది ముసలివాడి ఊపిరిలా ఊది ఫ్యూజు కొట్టేసింది. మంచుదేశాల్లో ఇంజనుకు కరెంటు తీగ తగిలించి, బయల్దేరేముందే నీళ్ళు కాస్తారని చదివాను. ఇంటి దగ్గర బాగానే ఉంటుంది, తిరుగు ప్రయాణంలో గుడి పార్కింగ్‌లో ఆ తీగ ఎక్కడ గుచ్చను?

మిగిలింది ఒక్కటే. డీజిలుతో మండే హీటరు. లారీవాళ్ళు, వ్యాన్లలో కాపురం ఉండేవాళ్ళు పెట్టుకుంటారు. ఒక బుల్లి పంపుతో ట్యాంకులోంచి బొట్టు బొట్టుగా తాగి, చిన్న కొలిమిలా మండి, కారులోకి వేడిగాలి పంపిస్తుంది. ఇంజను వేడెక్కే దాకా ఆగనక్కర్లేదు. మా అల్లుడు వింటూనే "మామయ్యా, పొగ లోపలికి వస్తే నిద్రలోనే పోతారు, దట్స్ ఇట్" అన్నాడు. నిజమే. ఆ భయం నాకు ఆయన కంటే ముందే ఉంది, అందుకే నెల రోజులు దాని గురించే చదివాను. డిపోలో నా జతగాడు ఫిజీ తెలుగాయన. తాతల నాటి తెలుగును హిందీలో ముంచి మాట్లాడతాడు. "భయ్యా, ఈ పైపు తలుపు కిందకి పెట్టినావంటే మాల నీకే వేస్తారు" అన్నాడు కారు కింద పడుకుని. మంట గాలి బయటి నుంచే తీసుకుని, పొగ బయటికే, తలుపులకు దూరంగా పోయేట్టు, అతుకు అతుకు చూసి బిగించాం. విషవాయువు వస్తే అరిచే పెట్టె ఒకటి లోపల తగిలించాం. అది అరుస్తుందేమోనని మూడు రోజులు కారులో నేనే కూర్చున్నాను, అరవలేదు. మా ఆవిడను అప్పటిదాకా ఎక్కనివ్వలేదు.

ఆ జూలై శనివారం నేను జయించినవాడిలా బయల్దేరాను. టిక్ టిక్ అంటూ కింద పంపు, పైన వెచ్చటి గాలి. ఆవిడ చేతితొడుగులు తీసేసింది. హైవే ఎక్కకముందే ఆవిడ వేళ్ళు ఆడుతున్న చప్పుడు, దారం సర్రుమనడం. నేను ఈల వేశాను కూడా. సరస్సు దాటాక కషాయం కాస్తున్న వాసన వచ్చింది.

"ఏవండీ, మరువం ఉడుకుతోంది."

వేడిగాలి గొట్టం నేను ఆవిడ కాళ్ళ వైపే తిప్పాను. ఆవిడ కాళ్ళ దగ్గర ఏం ఉంటుందో పదహారేళ్ళుగా చూస్తున్నవాణ్ణి, నేనే! గోల్బర్న్‌లో దిగి చూస్తే చామంతులు వడియాల్లా అయ్యాయి. "డిక్కీలో పెట్టుకుందాం పద" అన్నాను. "చెప్పులూ స్పేర్ టైరూ ఉన్నచోట దేవుడి పూలా?" అంది. ఎండిన పువ్వొకటి తీసి వేళ్ళతో నలిపింది. తర్వాత ఎందుకో నవ్వడం మొదలుపెట్టింది. "వేళ్ళు బాగున్నాయి, పూలు పోయాయి. కిందటి నెల పూలు బాగున్నాయి, వేళ్ళు పోయాయి. మీ లెక్కలో ఎక్కడో ఒకటి పోతోంది చూసుకోండి" అంది.

ఆవిడ నవ్వింది కదా, ఇక నన్ను ఆపేదెవరు? మర్నెల కొత్త ఎస్కీ కొన్నాను. ఈ దేశస్థులు బీరు సీసాలు ఐసులో పెట్టుకుని తోటలకు మోసుకెళ్ళే పెట్టె. పసుపునీళ్ళతో కడిగి, బొట్టు పెట్టి, అడుగున గడ్డకట్టిన ఐసు సంచి, దాని మీద తడిగుడ్డ, ఆ పైన పూలు. వెనక సీటులో బెల్టు కట్టి కూర్చోబెట్టాం. కట్టేందుకు ఒక్కో గుప్పెడు పైకి, కట్టిన మూర మళ్ళీ లోపలికి. ఒకే కారులో ముందు సీటుకు వేసవి, వెనక సీటుకు శీతాకాలం.

గుడి పార్కింగ్‌లో దాన్ని దింపుతుంటే, బ్లాక్‌టౌన్ నుంచి వచ్చే డాక్టరుగారు ఒకాయన "ఏంటి మాస్టారూ, ఇవాళ స్వామికి బార్బీనా?" అన్నాడు, బీరుతో మాంసం కాల్చుకు తినే ఇక్కడి విందు పేరెత్తి. పది మందీ నవ్వారు. మా ఆవిడ పెట్టె మూత తీసింది. చల్లటి మరువం వాసన వాళ్ళందరి మీదా పడింది. ఆయనే వచ్చి పెట్టె రెండో కొస పట్టుకున్నాడు, మెట్ల దాకా మోశాడు.

అదంతా జరిగి తొమ్మిది చలికాలాలు అయింది. కారుకి తుప్పు పడుతోంది, నాకు మోకాళ్ళు పోయాయి. ఆవిడ ఇప్పుడు రెండు మాలల బదులు ఒక్కటే కడుతోంది, అది పూర్తయ్యేసరికి గోల్బర్న్ దాటుతోంది. అయినా శనివారం అయిదు కాకముందే స్విచ్ వేసి, పంపు టిక్కుమనడం విన్నాకే ఆవిణ్ణి పిలుస్తాను. మా హాల్లో గడియారం కూడా అలాగే టిక్కుమంటుంది, కానీ అది పోయిన కాలం సంగతే చెబుతుంది. కారు కింద ఇది కొట్టుకుంటున్నంతసేపూ, ఇంకో మాలకు సరిపడా కాలం మా చేతిలో ఉన్నట్టే అనిపిస్తుంది.