ముగ్గురు ఓబులేసులు, ఒక కంప్యూటరు

ప్రైమరీ కీ అంటే పట్టికలో ఒక్కో మనిషినీ విడిగా గుర్తుపట్టే ఆనవాలు అని గడగడా చెప్పగలిగితే జీవితం గట్టెక్కినట్టేనని నేను నమ్మిన రోజులవి. కర్నూలు కోచింగులో డేటాబేసు ప్రశ్నలూ జవాబులూ బట్టీ కొట్టి, మైదుకూరులో డ్రిప్పు పైపులమ్మే కొట్టులో కొలువు సంపాదించాను (కంప్యూటరు బాగా వచ్చా అని ఓనరు అడిగితే నాకంటే ముందు అమ్మ తలూపేసింది). కొత్త సాఫ్ట్‌వేరు మొదలుపెట్టే రోజున, ఒకే రైతు రెండుసార్లు ఎక్కకుండా గట్టి కట్టుదిట్టం చేశాను: పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ కలిశాయంటే లోపలికి రానివ్వదు. నన్ను మించిన మొనగత్తె సీమలోనే లేదనుకున్నాను.

ఆ పొద్దున అన్నదమ్ములు ముగ్గురు వచ్చారు. ముందు నడిపాయన, అంటే మధ్యాయన పేరు అడిగాను. ఓబులేసు. ఎక్కించాను. పెద్దాయనా ఓబులేసే, చిన్నాయనా ఓబులేసే! మా వైపు ఇదేం వింత కాదు. ఇంటిదేవుడి పేరే కొడుకులందరికీ పెట్టి, పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అని పిలుచుకుంటారు. కానీ బిల్లు మీద పాసుపుస్తకంలోని పేరే పడాలని ఓనరు పట్టు. పెద్దాయన పేరు కొట్టగానే ‘ఈ రైతు ఇప్పటికే ఉన్నాడు’ అంది కంప్యూటరు.

“యాడుండాడు? నేనీడ నిలబడుకోనుంటే!” అన్నాడాయన.

బిల్లు లేనిదే పైపులు కొట్టు దాటవు. బయట టెంపోలో చిన్నాయన తెచ్చుకున్న టమోటా నారు ఎండకు తల వాల్చేస్తోంది. “పాపా, ఈపొద్దే నాటి నీళ్లియ్యకపోతే నారంతా పోతాదమ్మా. మళ్ల తెచ్చేకి నాతో కాదు” అంటూ అతను టెంపోకీ నా బల్లకీ మధ్య తిరుగుతున్నాడు. ఫోను నంబరుతో గుర్తుపడదామంటే ముగ్గురికీ కలిపి ఒకటే ఫోను. చివరికి నా కట్టుదిట్టాన్ని నేనే పీకేసి వరుస నంబర్లు ఇచ్చాను. నడిపాయన ఒకటి, పెద్దాయన రెండు, చిన్నాయన మూడు.

“ఇంటికి పెద్దోన్ని నేనుండంగా, వాడు ఒకటీ నేను రెండా?” అని పెద్దాయన బిల్లు ముట్టనన్నాడు. ఆయన ఊ అనందే తమ్ముళ్లు పైపు ఎత్తరు. “అది ఉత్త గుర్తే పెద్దయ్యా” అంటే వింటేనా! “ఉత్త గుర్తే అయితే ఒకటి నాకే ఇయ్యి.” సరేనని ముగ్గురినీ చెరిపేసి, వయసు వరుసలో మళ్లీ ఎక్కించాను. నాలుగు, ఐదు, ఆరు వచ్చాయి. చెరిపేసిన నంబరును కంప్యూటరు మళ్లీ ఇవ్వదన్నది కోచింగులో నేను నోరారా అప్పజెప్పిన జవాబే. ఖర్మ, అవసరానికి గుర్తు రాలేదు.

“నాలుగా? నా ముందరున్న ముగ్గురు ఎవురు?”

“మీరే పెద్దయ్యా” అన్నాను ఏడుపు గొంతుతో.

ఆయన నన్ను చూశాడు, తమ్ముళ్లను చూశాడు, పగలబడి నవ్వాడు. “పోనీలే తల్లీ, నడిపోని కంటే ముందుండా కదా. ఎత్తండప్పా పైపులు!”

కొట్టు మూసే వేళకు చిన్నాయన ఫోను చేశాడు. “నీళ్లు పడతాండాయి పాపా. నారు లేసి నిలబడింది.”

ఇంటికి పరిగెత్తి, “ఈపొద్దు ఒక తోటకు నీళ్లు పెట్టొచ్చినామ్మా” అన్నాను. అమ్మ నా చెప్పులకేసి చూసింది. మట్టి లేదు. “శానా కష్టపడినావులే, కాళ్లు కడుక్కోని అన్నం తిను” అంది. తర్వాత ఎంతో పెద్ద డేటాబేసులు నా చేతికి వచ్చాయి. ఏ రోజూ అంతగా మురిసిపోతూ ఇల్లు చేరలేదు. అప్పటి నన్ను, ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం కుళ్లూ పుడుతుంది.