తలూపడం మానిన ఆర్చ్‌బిషప్

2023 వేసవి మొదలు. డాలస్ పక్కన కాపెల్‌లో, ఇండియన్ కిరాణా దుకాణానికీ పళ్ల డాక్టరుకూ మధ్య ఉన్న మా క్లినిక్. నేను ఆడియాలజిస్టుని. ఎవరి చెవి ఎంతవరకు వింటోందో కొలిచి, అవసరమైతే వినికిడి యంత్రం అమర్చడం నా పని. పద్దెనిమిదేళ్ల అనుభవంలో నన్ను విసిగించని పేషెంటు అరుదు. ఎందుకంటే వినపడకపోవడాన్ని నేను సరిదిద్దగలను. వినపడినట్టు నటించడాన్ని సరిదిద్దే యంత్రం ఇంకా రాలేదు.

ఆ నటనలో నేను చూసినవాళ్లందరినీ మించినవారు ఒక ఆర్చ్‌బిషప్. తూర్పు ఆఫ్రికాలోని ఒక దేశంలో చాలా ఏళ్లు కతోలిక సంఘానికి అగ్రపీఠాధిపతిగా ఉండి, డెబ్బై అయిదు నిండాక సంఘ నియమం ప్రకారం దిగిపోయిన మనిషి. మూడు వారాల అతిథిగా ఇక్కడికి వచ్చారు. ఆయన్ను వెంటబెట్టుకొచ్చింది ఫాదర్ శౌరిరెడ్డి. మాకు ఇరవై మైళ్ల దూరంలో ఒక అమెరికన్ విచారణకు, అంటే ఒక చర్చి పరిధికి, గురువు; గుంటూరు జిల్లా మనిషి. జ్ఞానస్నానం నీళ్లకు ఆ పేరు తోకలోని రెడ్డి ఎందుకు కరగలేదని నేను ఒకసారి అడిగాను. "మీ నాస్తికుల సంఘంలో చౌదరి గార్లు లేరా డాక్టరమ్మా" అని నవ్వి ఊరుకున్నాడు. అప్పటినుంచి మా మధ్య వాదం ఉంది, స్నేహమూ ఉంది.

నా సంగతి కూడా చెప్పాలి. గ్రహణం రోజున నడివీధిలో పొయ్యి పెట్టి, పెసరట్లు వేసి, వచ్చేపోయేవాళ్లకు పంచిన మనిషి మా నాన్న. ఆ పొయ్యి పక్కన పెరిగాను. ఎవరో పెద్దవాళ్లు చెప్పారు కాబట్టి నమ్మడం మా ఇంట్లో నేరం. కాబట్టి ఉంగరం, శిలువ, నల్లటి అంగీతో ఒక పెద్దమనిషి లోపలికి వస్తుంటే నా మనసు ఎలా ఉందో ఊహించుకోవచ్చు.

పరీక్ష బూత్‌లో జరుగుతుంది. బూత్ అంటే బయటి శబ్దం చొరని చిన్న గది. హెడ్‌ఫోన్లు పెట్టి సన్నని కూతలు వినిపిస్తాం. వినపడినప్పుడల్లా పేషెంటు మీట నొక్కాలి. ఆర్చ్‌బిషప్ గారు కూత ఉన్నా లేకపోయినా, గడియారం కొట్టినట్టు నొక్కుతూ పోయారు. తరువాత మాటల పరీక్ష. ఒక్కొక్క మాట వినిపిస్తాం, విన్నది తిరిగి చెప్పాలి. ఆయన ప్రతి మాటకీ ఎంతో దయగా తలూపారు. అద్దం ఇవతలినుంచి మైకులో మూడుసార్లు చెప్పాను, "తలూపొద్దు, మాట తిరిగి చెప్పండి" అని. దానికీ తలూపారు.

ఇంతలో ఫాదర్ బూత్ తలుపు తీసుకుని లోపలికి వెళ్లి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి మాట అందించడం మొదలుపెట్టాడు.

"ఫాదర్, బయటికి రండి. పరీక్ష మీకు కాదు."

"పెద్దాయన ఇబ్బంది పడుతున్నారండీ."

"ఇబ్బంది పడితేనే నాకు కొలత వస్తుంది."

"ఒక దేశానికి ఆర్చ్‌బిషప్‌గా చేసిన మనిషి. ఆయన్ను పట్టుకుని తప్పు, మళ్లీ చెప్పు అంటే ఎట్టాగండీ."

"నా బూత్‌లో పీఠం లేదు ఫాదర్. కుర్చీ ఒక్కటే ఉంది."

మొత్తానికి గంటన్నర పట్టింది. ఆడియోగ్రామ్, అంటే వినికిడి గీత, సన్నని శబ్దాల దగ్గర కొండచరియలా జారి, మధ్యలో గుంట పడి ఉంది. అలాంటి గుంట ఏళ్ల తరబడి పెద్ద మోత విన్న చెవిలో కనిపిస్తుంది. చర్చిలో అంత మోత ఎక్కడిదని అడిగాను. ఆయన చక్కని ఇంగ్లీషులో చెప్పిన జవాబుల్ని తెలుగులో రాస్తున్నాను.

"జొన్నల మర," అన్నారు. "నా మొదటి విచారణలో డీజిల్‌తో నడిచే మర ఉండేది. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ అదొక్కటే. నడపడానికి ఇంకెవరూ లేరు. ఎనిమిదేళ్లు నేనే నడిపాను."

"వినపడటం లేదని ఎప్పుడు తెలిసింది?"

"నాకెవరూ చెప్పలేదు."

నాకు ఒళ్లు మండింది. చెవి మీది, చెప్పాల్సింది ఇంకొకరా? అప్పుడాయన తన ఉద్యోగ చరిత్రంతా నా ముందు పెట్టారు. నేను విన్న వినికిడి చరిత్రలన్నిటిలోకీ స్పష్టమైనది అదే. బడిలో పంతులుగా ఉన్నప్పుడు పిల్లలు అరిచేవారు. మర నడిపినప్పుడు వంతు కోసం ఆడవాళ్లు ఆయన మీదే కేకలేసేవారు. బిషప్ అయ్యాక గొంతులు తగ్గాయి. వాళ్ల దేశంలో పెద్దలతో మాట్లాడేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, నేల చూస్తూ, మెల్లగా మాట్లాడటం మర్యాద.

"ఆర్చ్‌బిషప్ అయ్యాక నాకు మనుషుల మాడులే కనిపించాయి," అన్నారు.

వినికిడి తగ్గినవాడికి ఎదుటివాడి పెదవులే సగం చెవి. జనం గౌరవించి గౌరవించి ఆ సగాన్నీ లాగేసుకున్నారు. పక్కన ఫాదర్ ఆయన చేతిసంచీ పట్టుకుని, తల వంచుకుని నిలబడి ఉన్నాడు. గుంటూరు జిల్లాకు ఈ మర్యాద కొత్తేమీ కాదు.

"మరి వినపడనప్పుడు ఏం చేసేవారు?"

ఆయన తలూపి చూపించారు.

"అలా తలూపితే ఎదుటివాళ్లు మీరు విన్నారనుకుంటారు కదా," అన్నాను. గొంతు పెంచే అన్నాను. ఆయన విన్నారు. తరువాత ఫాదర్‌ని కాసేపు బయట కూర్చోమన్నారు.

పాపసంకీర్తనం అంటే ఏమిటో తెలియనివాళ్లకు ఒక మాట. కతోలికులు తమ తప్పుల్ని గురువు చెవిలో చెప్పుకుంటారు. ఆయన సలహా చెప్పి, క్షమాపణ పలికి పంపిస్తాడు. విన్నది ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడదు.

"ఒకరు వచ్చారు," అన్నారు. "చాలాసేపు మాట్లాడారు. నేను ఒక్క మాటా వినలేదు. తలూపి, శాంతితో వెళ్లమన్నాను. లేచేటప్పుడు ఆ మనిషి తలెత్తి నన్ను చూశారు. ఆ మొహం చూశాక తెలిసింది, అది తలూపి పంపించే మాట కాదని. ఆ తరువాత మళ్లీ రాలేదు."

"ఎవరు?"

"చెప్పకూడదు."

"వినలేదన్నారు కదా. విననిదాన్ని రహస్యంగా ఎలా దాస్తారు?"

"మాట వినలేదు. మనిషిని చూశాను." కొంచెం ఆగి, "నేను వెళ్లి ఆ మనిషిని మళ్లీ చెప్పమని అడగాలి. అప్పుడైనా నాకు వినపడాలి. అందుకే మీ దగ్గరికి వచ్చాను," అన్నారు.

ఇంకొకరి పాపాన్ని మూడోవాడు కడుగుతాడంటే నేను నమ్మను. కానీ ఒక మనిషి ధైర్యం కూడగట్టుకుని ఏదో చెప్పడం, విన్నాడనుకున్నవాడు వినకపోవడం, ఇది నా వృత్తి. అక్కడ నాకు దేవుడు అడ్డం రాలేదు.

మరుసటి వారం మంచి యంత్రాలు తెప్పించి చెవులకు పెట్టాను. డేటా లాగింగ్ గురించి చెప్పాను. అంటే రోజుకు ఎన్ని గంటలు పెట్టుకున్నారో, ఎంత మోతలో తిరిగారో యంత్రం రాసిపెట్టుకుంటుంది. ఆయన వెంటనే రెండు యంత్రాలూ తీసి బల్ల మీద పెట్టారు.

"ఇవి విన్నది గుర్తు పెట్టుకుంటాయా?"

"మోత ఎంతో మాత్రమే. మాటలు కాదు."

"మీరు చూశారా?"

"కంపెనీ చెప్పింది."

వెనకనుంచి ఫాదర్ అందుకున్నాడు. "పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మాలన్నమాట. మీ నోటివెంట ఈ మాట వినడానికి రోజూ ఇరవై మైళ్లు డ్రైవ్ చేసి రావొచ్చు డాక్టరమ్మా."

మూఢనమ్మకం అని కొట్టిపారేద్దామనుకున్నాను. కొట్టిపారేయడానికి నా దగ్గర ఆధారం లేదు. నడివీధిలో పెసరట్లు వేసినాయన కూతురికి అంతకు మించిన అవమానం లేదు. ఆ వారమంతా కంపెనీకి ఫోన్లు చేశాను. ముగ్గురు మనుషులు మూడు జవాబులు చెప్పారు. మూడో ఆయన మరీ ధైర్యం చెప్పాడు: "కంగారు పడకండి, ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు." ఎవరూ అడగలేదు కాబట్టి నిజం. ఈ తర్కాన్ని నేను చిన్నప్పటినుంచీ గుళ్లలో, మఠాల్లో విన్నాను. టెక్సాస్‌లో టోల్ ఫ్రీ నంబరులో కూడా వింటాననుకోలేదు.

చివరికి క్లినిక్‌లో అందరికీ చూపించే ఫోను తీసి నేనే వెతికాను. యంత్రం మాటల్ని దాచదు, నిజమే. కానీ దానికి జోడించే ఫోన్ యాప్‌లో, ఎదుటివాళ్ల మాటల్ని తెర మీద అక్షరాలుగా చూపించే సౌకర్యం ఒకటి ఉంది. పేషెంట్లకు అదంటే ఎంతో ఇష్టం. చదవడం అయిపోగానే ఆ అక్షరాలు పోతాయని ప్రతి పేషెంటుకూ నేనే చెప్పాను. మూడు మెట్లు లోపలికి వెళితే, పాత సంభాషణలన్నీ వరసగా ఉన్నాయి. నెలల తరబడి. ఈ గదిలో నా ఎదురుగా కూర్చుని మనుషులు మాట్లాడిన మాటలు. భార్య పక్క గదిలోకి వెళ్లిన నిమిషంలో ఒక పెద్దాయన నాతో అన్న మాట అక్షరం పొల్లుపోకుండా ఉంది. అదేమిటో ఇక్కడ రాయను.

అన్నీ తుడిచేశాను. క్లినిక్ యజమానికి చెప్పాను. పేషెంట్లను ఒక్కొక్కరినీ పిలిచి, వాళ్ల ఫోన్లలో ఆ మీట ఆర్పించి, నేను చూడకుండా హామీ ఇచ్చానని ఒప్పుకున్నాను. కొందరు నవ్వారు. ఒకావిడ మాత్రం నవ్వలేదు. ఆవిడ ఇంకో క్లినిక్‌కి వెళ్లిపోయింది, సరైన పనే చేసింది.

ఆర్చ్‌బిషప్ గారికి ఫోన్‌తో పనిలేని పాత రకం యంత్రాలు తెప్పించాను. వాటిని కంప్యూటరుకు కలిపి, అవి దాచుకునేదంతా తెర మీద తెరిచాను. గంటలు, మోత, రెండే అంకెలు. ఆయన కళ్లజోడు పెట్టుకుని ప్రతి వరసా చదివారు.

"ఇప్పుడు నమ్ముతారా?" అన్నాను.

"నమ్మాల్సిన పని లేదు కదా. చూశాను."

ఆ మాట మా ఇంటి మాట. దాన్ని ఆ అంగీలోంచి వినాల్సి వచ్చింది.

మిగిలింది తల. ఇన్నేళ్ల అలవాటు యంత్రంతో పోదు. ఫాదర్‌ని ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు తగ్గించి ఏదో ఒకటి చెప్పమన్నాను. ఫాదర్ నేల చూస్తూ గొణిగాడు. ఆర్చ్‌బిషప్ తలూపారు.

"ఏమన్నాడు?" అన్నాను.

"తెలియదు."

"మరి తలెందుకు ఊపారు?"

"పాపం, మాట్లాడుతున్నాడు కదా."

"డాక్టరమ్మా, కాస్త మెల్లగా," అన్నాడు ఫాదర్.

"మీరు ఆపండి ఫాదర్. ఆయన వినకపోతే మీకేం నష్టం లేదు. నష్టపోయేవాళ్లు ఆయన దేశంలో ఉన్నారు."

అలా మూడు రోజులు. నా గొంతు పోయింది. మూడో రోజు మధ్యాహ్నం ఫాదర్ మళ్లీ నేల చూసి ఏదో అన్నాడు. ఆర్చ్‌బిషప్ తల సగం కదిలి, ఆగింది. ఆయన ముందుకు వంగి ఫాదర్ గడ్డం కింద వేలు పెట్టి పైకెత్తారు.

"నాకు వినపడలేదు," అన్నారు. "నన్ను చూస్తూ మళ్లీ చెప్పు."

ఫాదర్ మొహం ఎర్రబడింది. ఆ శుక్రవారమే ఆర్చ్‌బిషప్ గారు తమ దేశం వెళ్లిపోయారు.

యంత్రం ఇచ్చిన ఆరు నెలలకు పేషెంట్లకు ఒక ఫారం పంపుతాం. యంత్రం పనిచేస్తోందో లేదో తేల్చే ప్రశ్నలుంటాయి. ఆయన ఫారం ఫాదర్ ద్వారా వచ్చింది. అందులో ఒక ప్రశ్న: ఎదుటివాళ్లను మళ్లీ చెప్పమని ఎంత తరచుగా అడుగుతున్నారు? యంత్రానికి ముందు: ఎప్పుడూ లేదు. ఇప్పుడు: రోజూ, చాలాసార్లు. మా పద్ధతిలో అడగడం పెరిగితే యంత్రం విఫలమైనట్టు లెక్క. కంప్యూటరు ఆయన పేరు పక్కన ఎర్రగా గుర్తు పెట్టింది.

ఆ మనిషి దొరికారా, చెప్పారా, ఆయన విన్నారా, నాకు తెలియదు; ఆయన తలపెట్టిన పని అయిందా అని మాత్రం ఫాదర్‌ని అడిగాను. "నేను అడగలేదండీ. అడిగినా చెప్పరు," అన్నాడు. ఆధారం లేని ముగింపు నాకు గిట్టదు. ఫారం మళ్లీ ముందు వేసుకుని చదివాను. ఆ ప్రశ్న కిందే ఇంకో గడి ఉంది: ఎవరితో మాట్లాడినప్పుడు? అందరూ భార్య, మనవడు, బ్యాంకులో అని రాస్తారు. ఆయన అక్కడ ఏమీ రాయలేదు. మరిచిపోయి వదిలేశారని ఎవరూ అనుకోకుండా, గడికి ఈ చివరనుంచి ఆ చివరకు తిన్నగా ఒక గీత గీశారు.

కంప్యూటరులోకి వెళ్లి ఎర్ర గుర్తు తీసేశాను. కారణం రాయమని గడి వచ్చింది. నేనూ ఒక గీత పెట్టాను.